విదేశంలో ఆంగ్లికన్ చర్చిని ఏ చట్టం కింద నమోదు చేయాలి?

కిందటి శీతాకాలంలో ఫ్రాన్స్ దక్షిణాన ఉంటున్న మా పెద్దనాన్న కూతురు ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో ఇంగ్లిషు ఆరాధన ఒక అద్దె హాల్లో జరుగుతోంది. పింఛను మీద బతికే ఇంగ్లిషువాళ్లు, కొన్ని నైజీరియా కుటుంబాలు, ఇద్దరు ముగ్గురు మలయాళీలు, మా అక్క. బ్యాంకు ఖాతా మాత్రం ఒక పెద్దాయన సొంత పేరు మీద ఉంది. ఆయనకు ఎనభై దాటాయి. "ఆయనకేమైనా అయితే ఆ కానుకల డబ్బు చర్చిదా, ఆయన కొడుకులదా?" అని అక్క టెన్షన్. "ఇక్కడ 1901 చట్టమని ఒకటి, 1905 చట్టమని ఒకటి ఉన్నాయంట. ఏది తీసుకోవాలో నువ్వు చెప్పు. నువ్వు చేసినవాడివేగా!"

చేసినవాడినే. జర్మనీలో ఇలాంటి చర్చికే ఆరేళ్లు ట్రెజరర్‌గా ఉన్నాను. లాయర్ని కాను. నోటరీ దగ్గరికి, కోర్టు రిజిస్ట్రీకి, టాక్స్ ఆఫీసుకు తిరిగిన తిరుగుడే నా చదువు. అక్కకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇక్కడ ఒక చోట పెడుతున్నాను. ఐరోపాలో ఉంటూ చర్చి కమిటీలో ఇరుక్కున్న మనవాళ్లు ఇంకా కొందరున్నారని నాకు తెలుసు.

ఐరోపా ఖండంలో ఇంగ్లండ్ చర్చికి (ఆంగ్లికన్ల మూల చర్చి) చెందిన ఆరాధనలన్నీ ఒకే డయాసిస్, అంటే ఒకే బిషప్ పరిధి, కిందికి వస్తాయి. 1842లో జిబ్రాల్టర్ పేరుతో మొదలైన డయాసిస్ అది. 1980లో ఉత్తర, మధ్య ఐరోపా చర్చిలను కలుపుకుంది. నలభైకి పైగా దేశాల్లో విస్తరించి ఉంది. అందులో పారిష్ అనరు, చాప్లెన్సీ అంటారు. పాస్టర్ని చాప్లెయిన్ అంటారు. మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు ఇందులో చోటు ఊరికే దయతో దొరికింది కాదు. మా ఊరు దోర్నకల్ దగ్గరే. 1912లో అజరయ్య గారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయింది ఆ దోర్నకల్‌కే. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. ఏర్పడింది, ఇవాళ అది ఆంగ్లికన్ కుటుంబంలో భాగం. కాబట్టి బాప్తిస్మం తీసుకుని పదహారేళ్లు నిండి, క్రమం తప్పకుండా ఆరాధనకు వచ్చే సి.ఎస్.ఐ. సభ్యుడు చర్చి ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవచ్చు, కమిటీకి నిలబడొచ్చు. నిలబడితే గెలుస్తారు కూడా, ఎందుకంటే ట్రెజరర్ పదవికి పోటీ ఉన్న చర్చిని నేనింకా చూడలేదు.

ఇక అసలు చిక్కు. ఇంగ్లండ్‌లో చర్చి నియమాలు దేశపు చట్టంలోనే భాగం. అక్కడ పారిష్ కౌన్సిల్‌కు చట్టమే చట్టపరమైన వ్యక్తిత్వం ఇచ్చింది, అంటే తన పేరు మీదే ఒప్పందాలు చేసుకునే హోదా. ఎవరూ వెళ్లి రిజిస్టర్ చేయించక్కర్లేదు. ఇంగ్లిష్ చానల్ దాటగానే ఆ బలం పోతుంది. అవతల ఒడ్డున బిషప్ ఇచ్చే లైసెన్సు, డయాసిస్ రాజ్యాంగం, చర్చి వార్డెన్ల ఎన్నిక, ఇవన్నీ కొందరు ప్రైవేటు మనుషుల మధ్య ఒప్పందాలే. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా, చాప్లెయిన్‌కు జీతం ఇవ్వాలన్నా స్థానిక చట్టం గుర్తించే ఒక రూపం కావాలి.

తెలుగులో విశ్వాసుల గుంపునూ సంఘమే అంటాం, రైతు సంఘాన్నీ సంఘమే అంటాం. విదేశంలో ఆంగ్లికన్ చర్చి తలనొప్పులన్నీ ఈ రెండు సంఘాల మధ్య పుట్టేవే. మొదటిదానికి బిషప్ పెద్ద. రెండోదానికి సర్వసభ్య సమావేశం పెద్ద. ఆదివారం రెండూ అవే బల్లల మీద కూర్చుంటాయి గనక తేడా కనపడదు. గొడవ వచ్చిన రోజు కనపడుతుంది. ఇక్కడి నుంచి నేను మొదటిదాన్ని సంఘం అనీ, రిజిస్టర్ అయినదాన్ని సొసైటీ అనీ రాస్తాను.

చాలామంది టాక్స్ లెక్కతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి తప్పు చేశాను. ముందు చూడాల్సింది ఏ చట్టంలో సంఘానికీ సొసైటీకీ మధ్య దూరం తక్కువగా ఉంటుందో. టాక్స్ ఆ తర్వాత.

ఫ్రాన్స్: 1901కీ 1905కీ మధ్య

1901 జులై 1 నాటి చట్టం ఫ్రాన్స్‌లో అన్ని రకాల అసోసియేషన్లకూ తల్లి లాంటిది. ఇద్దరు మనుషులు, కొన్ని నియమాలు, ప్రిఫెక్చర్‌లో (మన కలెక్టరేట్ లాంటి ప్రభుత్వ కార్యాలయం) ఒక డిక్లరేషన్ ఉంటే చాలు. చదరంగం క్లబ్బు పెట్టినంత సులువు. ఆరాధన చేయొచ్చు, ఇంగ్లిషు క్లాసులు చెప్పొచ్చు, పాత పుస్తకాలు అమ్మొచ్చు, బీదలకు భోజనం పెట్టొచ్చు.

1905 డిసెంబరు 9 చట్టం ప్రభుత్వాన్నీ మతాన్నీ విడదీసింది. దాని కింద ఏర్పడే సొసైటీని క్యుల్తుయెల్ అంటారు, అంటే ఆరాధన కోసమే పుట్టిన అసోసియేషన్. ఆ 'కోసమే' అన్న మాట దగ్గరే అందరూ జారిపడతారు. ఆరాధన, దాని ఖర్చులు, ఆ భవనం, పాస్టర్ పోషణ, పాస్టర్ల శిక్షణ. వీటి చుట్టుపక్కల పనికి కొంచెం చోటుంటుంది గానీ, దాన్నే ముఖ్యమైన పనిగా పెట్టుకోకూడదు. బదులుగా దొరికేది తక్కువేం కాదు. దాతకు ఆదాయపు పన్నులో కానుక మొత్తం మీద 66 శాతం తగ్గింపు వస్తుంది, పన్ను పడే ఆదాయంలో 20 శాతం పరిమితి దాకా. ఎవరైనా వీలునామాలో ఇల్లు రాసిచ్చినా వారసత్వ పన్ను పడదు. రిటైరైన ఇంగ్లిషువాళ్లు ఎక్కువగా ఉండే చర్చిలో ఈ రెండోది చాలా పెద్ద విషయం. పైకి మాట్లాడుకోరు గానీ అందరి మనసులోనూ ఉంటుంది.

2021 ఆగస్టు 24 చట్టం ఈ లెక్కను మార్చేసింది. అంతకుముందు చాలా చర్చిలు 1901 కిందే హాయిగా ఉండేవి, ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు 1901 సొసైటీ ఆరాధన నడిపితే ఆరాధన లెక్కలు విడిగా రాయాలి, 1905 వాళ్ల మీదున్న బరువుల్లో చాలా భాగం మోయాలి. సౌకర్యాలు మాత్రం రావు. అంటే బరువు రెండువైపులా ఉంది, లాభం ఒకవైపే ఉంది. మతపరమైన సొసైటీలను 1905 వైపు తోలడానికే ఇలా రాశారు, అందులో దాపరికమేమీ లేదు.

1905 తీసుకుంటే నెత్తిన పడేవి ఇవి. క్యుల్తుయెల్ హోదా కోసం ప్రిఫెక్ట్‌కు డిక్లరేషన్ ఇవ్వాలి, అయిదేళ్లకోసారి మళ్లీ ఇవ్వాలి. కనీసం ఏడుగురు పెద్దవాళ్లు సభ్యులుగా ఉండాలి, వాళ్లు ఆ చర్చి పరిధిలోనే కాపురం ఉండాలి. పాత చట్టంలో ఊరి జనాభాను బట్టి ఏడు, పదిహేను, ఇరవై అయిదు అని ఉండేది, ఇప్పుడు అందరికీ ఏడే. విదేశాల నుంచి వచ్చే డబ్బు లెక్కల సంవత్సరంలో 15,300 యూరోలు దాటితే అధికారులకు చెప్పాలి. బ్రిటన్ నుంచి మిషనరీ సొసైటీ పంపే గ్రాంటు కూడా విదేశీ సొమ్మే. దీన్ని చూసి మా అక్క చర్చిలోని ఒక పెద్దావిడ చిన్నబుచ్చుకుందట, "మా చర్చి డబ్బు మాకు విదేశీ డబ్బా?" అని. అవును, అంతే.

2021 చట్టంలో ఇంకొక షరతు ఉంది. నా దృష్టిలో ఆంగ్లికన్లు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది అదే. కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవడం, నియమాలు మార్చడం, స్థిరాస్తి అమ్మడం, పాస్టర్ని తీసుకోవడం, ఈ నాలుగూ ఏ సభ నిర్ణయిస్తుందో నియమావళిలో రాసి తీరాలి. ఒక ముఠా రాత్రికి రాత్రి ప్రార్థనా స్థలాన్ని పట్టేసుకోకుండా పెట్టిన షరతు ఇది. ఆంగ్లికన్ పద్ధతిలో చాప్లెయిన్‌కు లైసెన్సు ఇచ్చేది బిషప్. చర్చి కమిటీ ఎంత ముచ్చటపడ్డా బిషప్ లైసెన్సు లేనివాడు ప్రభువు బల్ల దగ్గర నిలబడి ఆరాధన నడపలేడు. అందుకని నియమావళిలో "సభ ఎంపిక చేసి జీతం ఇస్తుంది, లైసెన్సు ఉన్నవారినే ఎంపిక చేస్తుంది" అని రెండు ముక్కలూ పక్కపక్కనే ఉండాలి. మొదటి ముక్క ఒక్కటే రాస్తే బిషప్‌తో గొడవ. రెండోది ఒక్కటే రాస్తే ప్రిఫెక్చర్ అభ్యంతరం.

మరి చర్చి కేవలం ఆరాధనే కాకుండా పెద్ద ఎత్తున ఆహార పంపిణీయో, పిల్లల బడో నడుపుతుంటే? రెండు సొసైటీలు పెట్టుకోవడమే దారి. ఆరాధనకు 1905, మిగతావాటికి 1901. రెండు ఖాతాలు, రెండు సమావేశాలు, రెండు లెక్కల పుస్తకాలు. పనిచేసేవాళ్లు మాత్రం అదే అయిదుగురు. పని నిజంగా అంత పెద్దదయ్యేదాకా ఆ రెండోది పెట్టొద్దు.

ఒక మినహాయింపు. స్ట్రాస్‌బర్గ్ వైపు ఉంటే పైన చెప్పినది చాలావరకు మర్చిపోండి. 1905లో అల్సాస్, మోసెల్ ప్రాంతాలు జర్మనీ చేతిలో ఉన్నాయి గనక ఆ చట్టం అక్కడికి రాలేదు, ఇప్పటికీ లేదు. అక్కడ ప్రభుత్వం గుర్తించిన మతశాఖలు నాలుగు: కాథలిక్, లూథరన్, రిఫార్మ్‌డ్, యూదు. ఆంగ్లికన్ వాటిలో లేదు. కాబట్టి స్థానిక చట్టం కింద, ఏడుగురితో, కోర్టులో నమోదయ్యే అసోసియేషన్ పెట్టుకోవాలి. చూడ్డానికి అది జర్మన్ పద్ధతికి చుట్టమే.

జర్మనీ: రిజిస్టర్డ్ ఫెరైన్

జర్మనీలో ఆంగ్లికన్ చర్చికి ఆచరణలో ఉన్న దారి ఫెరైన్, అంటే రిజిస్టర్డ్ సొసైటీ. నమోదుకు ఏడుగురు కావాలి. సంతకాలు నోటరీ ముందు. నమోదు స్థానిక కోర్టులో. తర్వాత టాక్స్ ఆఫీసు నుంచి ప్రజాహిత హోదా తెచ్చుకుంటే దాతలకు రసీదులివ్వొచ్చు. సభ్యులు ముగ్గురికన్నా తగ్గితే రిజిస్ట్రేషన్ పోతుంది.

రిజిస్టర్ చేయకుండా నడిపేవాళ్లూ ఉన్నారు. అది చవకే గానీ, రిజిస్టర్ కాని సొసైటీ తరఫున ఎవరు ఒప్పందం చేసుకుంటే ఆ మనిషి సొంత ఆస్తితో బాధ్యుడు కావచ్చు. హాలు అద్దె కాగితం మీద సంతకం పెట్టిన పెద్దమనిషికి ఆ సంగతి తెలియకపోవడం మామూలే. రిజిస్టర్డ్ ఫెరైన్‌లో జీతం లేకుండా పనిచేసే కార్యవర్గ సభ్యులకు చట్టం కొంత గొడుగు పడుతుంది. కావాలని చేసిన తప్పుకో, ఘోర నిర్లక్ష్యానికో తప్ప వాళ్లు సొసైటీకి సొంత జేబునుంచి కట్టక్కర్లేదు.

ఫెరైన్‌కు మించిన హోదా ఇంకొకటుంది: ప్రజాచట్టపు కార్పొరేషన్. పెద్ద లూథరన్, కాథలిక్ చర్చిలది అదే, చర్చి పన్ను వసూలు చేసే హక్కు దానితోనే వస్తుంది. చాలామంది సభ్యులు, చిరకాలం నిలుస్తుందన్న నమ్మకం చూపించాలి. నూటయాభై మంది చాప్లెన్సీకి ఆ ఆలోచనే వద్దు. చర్చి పన్ను మాట వచ్చింది గనక జర్మనీకి వచ్చే మన ఇంజనీర్లకు ఒక హెచ్చరిక. ఊళ్లో అడ్రసు నమోదు చేసేటప్పుడు మతం అడుగుతారు. మన సి.ఎస్.ఐ. కుర్రాళ్లు "ప్రొటెస్టెంట్" అని అమాయకంగా చెప్తారు. ఆ నెల నుంచి ఆదాయపు పన్ను మీద అదనంగా బవేరియా, బాడెన్ వ్యుర్టెంబర్గ్‌లలో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం కోత మొదలవుతుంది. ఆ డబ్బు జర్మన్ ప్రొటెస్టెంట్ చర్చికి పోతుంది. మీరు ప్రతి ఆదివారం వెళ్లే ఆంగ్లికన్ చర్చికి ఒక్క సెంటు రాదు. ఇవ్వడం ఇష్టమైతే సంతోషమే, కానీ తెలిసి ఇవ్వండి.

ఇప్పుడు సంఘానికీ సొసైటీకీ దూరం సంగతి. జర్మన్ సొసైటీ చట్టానికి ప్రాణం స్వయంప్రతిపత్తి. సభ్యుల సమావేశమే అన్నిటికన్నా పైన. పైనుంచి ఇంకెవరో నడిపించే సొసైటీని రిజిస్ట్రీ సందేహంగా చూస్తుంది. బిషప్ ఉన్న చర్చికి ఇది గొంతులో వెలక్కాయే. దీనికి దారి చూపింది ఆంగ్లికన్ల కేసు కాదు, బహాయీ మతస్థులది. ట్యుబింగెన్‌లో బహాయీల స్థానిక సభ రిజిస్ట్రేషన్‌కు వెళ్తే, వాళ్ల నియమాల్లో పైసభకు మరీ ఎక్కువ అధికారం ఉందని తిరస్కరించారు. కేసు కార్ల్‌స్రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానం దాకా పోయింది. 1991 ఫిబ్రవరి 5న తీర్పు వచ్చింది. మతసంస్థకు తనకంటూ ఒక లోపలి క్రమం ఉంటుంది, సొసైటీ చట్టాన్ని అన్వయించేటప్పుడు మతస్వేచ్ఛను దృష్టిలో పెట్టుకోవాలి అని కోర్టు చెప్పింది. బిషప్ అధికారాన్ని నియమావళిలో రాయడానికి ఇవాళ చర్చిలకు ధైర్యమిచ్చేది ఆ తీర్పే. అలాగని అన్నీ బిషప్ చేతిలో పెడుతూ రాస్తే చెల్లదు. డబ్బు, ఒప్పందాలు, కార్యవర్గం సొసైటీ చేతిలో, ఆరాధన, బోధ, లైసెన్సు బిషప్ చేతిలో. నియమాల మార్పు, సొసైటీ రద్దు, మిగిలిన ఆస్తి ఎటు పోవాలి అన్నచోట్ల మాత్రం బిషప్ రాతపూర్వక సమ్మతి. ఇలా పంచితే రిజిస్ట్రీ గుమస్తా కూడా పెద్దగా నసగడు.

మేం చేసిన పొరపాటు ఇంకోచోట ఉంది. చర్చి ఓటర్ల జాబితా ఒకటి, ఫెరైన్ సభ్యుల జాబితా వేరొకటి పెట్టుకున్నాం. మొదటిదాంట్లో నూరు దాటి పేర్లు, రెండోదాంట్లో ముప్పై. జర్మన్ ఫారం నింపే ఓపిక ఉన్నవాళ్లే ఆ ముప్పై మంది. ఒక ఏడాది హాలు మారాలా వద్దా అన్న వోటు వచ్చింది. చట్టప్రకారం ఓటు ఆ ముప్పైమందిదే. మిగతా డెబ్భైమందికి, ముఖ్యంగా ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాలకు, ఇది తెల్లవాళ్ల కుట్రలా కనిపించింది. కుట్ర లేదు, ఫారం ఉంది. కానీ ఆ రోజు నేనెన్ని చెప్పినా ఎవరూ వినలేదు, ఇద్దరు కుటుంబాలతో సహా వెళ్లిపోయారు. తర్వాత నియమం మార్చాం. ఓటర్ల జాబితాలో పేరు రాయించుకునే ఫారంలోనే సొసైటీ సభ్యత్వానికీ సంతకం పెట్టేలా చేశాం. కాగితం అదే, సంతకాలు రెండు. ముందే చేసి ఉంటే పోయేది.

నెదర్లాండ్స్, బెల్జియం

డచ్చివాళ్ల పద్ధతి చూస్తే నాకు అసూయ. వాళ్ల సివిల్ కోడ్ రెండో పుస్తకం రెండో ఆర్టికల్ ప్రకారం చర్చిలకూ వాటి స్వతంత్ర శాఖలకూ చర్చిగానే చట్టపరమైన వ్యక్తిత్వం ఉంది. వాటిని నడిపించేది వాటి సొంత నియమాలే, అవి దేశ చట్టానికి విరుద్ధంగా లేనంతవరకు. అంటే సంఘమే సొసైటీ. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో హేగ్‌లోనో ఉన్నవాళ్లు బిషప్‌ను వెనక గుమ్మంలోంచి తీసుకురానక్కర్లేదు, ముందు గుమ్మంలోనే నిలబెట్టొచ్చు. పన్ను మినహాయింపుకు ఆన్‌బి అనే ప్రజాహిత హోదా తీసుకోవాలి. దానికి లెక్కలు, ప్రణాళిక వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టాలి. పెట్టడం మర్చిపోతే హోదా పోతుంది. ఈ దేశంలో ఉండి, వేరే రూపం వెతికేవాళ్లకు నేను చెప్పేది ఏమీ లేదు.

బెల్జియంలో కథ పూర్తిగా వేరు. అక్కడ ప్రభుత్వం గుర్తించిన మతాల్లో ఆంగ్లికన్ కూడా ఒకటి. కాథలిక్, ప్రొటెస్టెంట్, యూదు, ముస్లిం, ఆర్థడాక్స్‌ల సరసన. గుర్తింపు పొందిన పదవిలో ఉన్న పాస్టర్‌కు జీతం బెల్జియం ప్రభుత్వమే ఇస్తుంది, రాజ్యాంగం 181వ ఆర్టికల్ ప్రకారం. వినగానే నోరూరుతుంది. కానీ గుర్తింపు చర్చి చర్చికీ విడిగా రావాలి, ప్రభుత్వంతో మాట్లాడేది ఆంగ్లికన్ కేంద్ర కమిటీ. భవనం, బడ్జెట్ వ్యవహారాలు ఇప్పుడు ప్రాంతీయ ప్రభుత్వాల చేతిలో ఉన్నాయి. ఫ్లాండర్స్ ప్రాంతం 2021 అక్టోబరు 22 డిక్రీతో (ప్రాంతీయ చట్టంతో) కొత్త గుర్తింపుల నిబంధనలు బాగా బిగించింది. గుర్తింపు వచ్చాక మీ బడ్జెట్‌ను ప్రభుత్వం చూస్తుంది, లెక్కలు వాళ్ల నమూనాలో ఉండాలి. కొత్తగా మొదలయ్యే చిన్న సంఘం మామూలు లాభాపేక్ష లేని సొసైటీగా నమోదై, కొన్నేళ్లు నిలదొక్కుకుని, అప్పుడు ఆలోచించుకోవడమే మేలు. జీతం మీద ఆశతో ముందే పరిగెత్తితే ఫైళ్లలో పడి ఆరాధన మర్చిపోతారు.

స్విట్జర్లాండ్ గురించి రెండు ముక్కలు చాలు. సివిల్ కోడ్ 60వ ఆర్టికల్ కింద రాతపూర్వక నియమాలు ఉంటే సొసైటీ పుట్టినట్టే, మామూలుగా రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ఇటలీలో ఎంచుకునే బాధ తగ్గింది: 2019లో ఇంగ్లండ్ చర్చి అసోసియేషన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది, 2021 చివర్లో అది చట్టమైంది.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇది చదివి "మరి మాకో?" అంటారు. అక్కడ డయాసిస్ వేరు, సైప్రస్ అండ్ ద గల్ఫ్, 1976 నుంచి ఉంది. దుబాయ్, అబుదాబిల్లో ఆంగ్లికన్ చర్చిలు పాలకులు ఇచ్చిన స్థలాల్లో ఉన్నాయి. 2023లో ముస్లిమేతర ప్రార్థనా స్థలాలకు యు.ఎ.ఇ. ఫెడరల్ చట్టం కూడా తెచ్చింది. ఆ ఆవరణల్లో గదులు తీసుకుని తెలుగు ఆరాధన చేసుకునేవాళ్లకు రూపాలు ఎంచుకునే అవకాశం ఉండదు. వాళ్లు అడగాల్సింది ఒక్కటే: మనం ఎవరి లైసెన్సు కింద కూర్చున్నాం, అది కాగితం మీద ఉందా?

అసలు రిజిస్టర్ చేయాలా?

అక్కకు నేను మొదట అడిగిన ప్రశ్న ఇది. ఫ్రాన్స్‌లో చాలా ఆరాధనా కేంద్రాలున్న చాప్లెన్సీలు ఉన్నాయి. నైరుతి ఫ్రాన్స్‌లోని ఎక్విటేన్ లాంటి చోట ఒకే చాప్లెన్సీ కింద అనేక ఊళ్లలో ఆరాధన జరుగుతుంది. పక్కనే ఇప్పటికే 1905 కింద నమోదైన చాప్లెన్సీ ఉంటే దానిలో ఒక కేంద్రంగా చేరిపోవచ్చు. బ్యాంకు ఖాతా, రసీదులు, బీమా, పిల్లల భద్రతా నియమాలు అన్నీ తయారుగా దొరుకుతాయి. పోయేది కొంత స్వేచ్ఛ. మన కానుక పక్క ఊరి పైకప్పు మరమ్మతుకు పోతోందని రెండేళ్లలో ఎవరో ఒకరు గొణగడం ఖాయం. ముప్పైమంది లోపు ఉన్న సంఘానికి నేనైతే ఇదే చెప్తాను.

సొంతంగానే అనుకుంటే కమిటీలో కూర్చుని ఈ సంగతులు తేల్చుకోండి. జీతం ఇచ్చి చాప్లెయిన్‌ను పెట్టుకుంటారా? ఈ డయాసిస్‌లో చాప్లెయిన్ జీతం లండన్ నుంచి రాదు, చాప్లెన్సీ సంపాదించుకోవాల్సిందే. జీతమంటే సామాజిక భద్రత కూడా. ఫ్రాన్స్‌లో మతాచార్యుల కోసం కవిమాక్ అనే ప్రత్యేక నిధి ఉంది. బ్రిటిష్ చాప్లెయిన్‌కు 2021 జనవరి నుంచి నివాస పర్మిట్ కావాలి, దానికి పిలిచే సంస్థ చట్టంలో ఉనికి ఉన్నదై ఉండాలి. ఈ ఒక్క అవసరం కోసమే హడావిడిగా సొసైటీ పెట్టిన చర్చిలున్నాయి. రెండోది ఆస్తి. ఎవరైనా ఇల్లో, స్థలమో ఇచ్చే సూచన ఉంటే చౌక రూపం పనికిరాదు. మూడోది, మీ దాతలు నిజంగా ఆ దేశంలో పన్ను కట్టేవాళ్లా? వచ్చి పోయే సెలవు యాత్రికుల కానుకల మీద నడిచే చర్చికి 66 శాతం తగ్గింపు ఎంత ఊరించినా ఎవరికీ ఉపయోగం లేదు.

డ్రాఫ్టు రాశాక నోటరీ దగ్గరికో ప్రిఫెక్చర్‌కో పోయేముందు డయాసిస్ ఆఫీసుకు పంపండి. మేం తిరగేసి చేశాం. రిజిస్టర్ అయ్యాక పంపితే వాళ్లు నాలుగు సవరణలు అడిగారు. ఆ నాలుగింటికీ మళ్లీ సర్వసభ్య సమావేశం, మళ్లీ నోటరీ, మళ్లీ ఫీజు. ఈలోగా మా బ్యాంకు, కార్యవర్గం పేర్లు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉన్నాయని ఖాతా ఆపేసింది. ఈస్టర్ పూల డబ్బు నా జేబులోంచి పెట్టాను. సభ్యుల జాబితా మతవిశ్వాసాన్ని బయటపెట్టే సమాచారం గనక దాన్ని ఎవరికి పడితే వాళ్లకు ఈమెయిల్ చేయకండి, ఐరోపా డేటా చట్టంలో మత సమాచారానికి ప్రత్యేక కట్టుబాట్లున్నాయి.

అక్క వాళ్లు పక్క చాప్లెన్సీలో చేరడానికి ఒప్పుకోలేదు. దూరం గంటన్నర, పైగా పాత మనస్పర్థ ఏదో ఉందట. ఎనభై దాటిన పెద్దాయన ఇల్లు చర్చికి రాసిస్తానన్నాడని తెలిశాక 1905కే పొమ్మన్నాను. కాఫీ, పాత పుస్తకాల అమ్మకం చిన్నవే గనక రెండో సొసైటీ వద్దన్నాను. ఏడుగురి పేర్లు రాసి పంపింది. మన ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టంలోనూ ఏడుగురే కదా అని నవ్వుకుంటూ జాబితా చూశాను. ఇద్దరు విద్యార్థులు, వాళ్ల వీసా జూన్‌లో అయిపోతుంది. ఒకాయన ఏడాదిలో ఎనిమిది నెలలు ఇంగ్లండ్‌లో ఉంటాడు, ఫ్రాన్స్‌లో కాపురం ఉన్నట్టే లెక్కరాదు. మిగిలింది నలుగురు. ఆ ముగ్గురి స్థానంలో అక్కడే స్థిరపడ్డవాళ్లను వెతికి, ఏడు కాదు, పది పేర్లు రాయమన్నాను. ప్రస్తుతం తొమ్మిదయ్యాయి, ఒక మలయాళీ నర్సమ్మ డ్యూటీ రోస్టర్ చూసుకుని చెప్తానందట.